బైపాడ్ మార్చొద్దు, బట్ కింద సంచి పెట్టు

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు దగ్గర పల్లె. పోయిన సంవత్సరం .177 బోరు పీసీపీ ఎయిర్ రైఫిల్ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో కొట్టేది) కొన్నాను, బలం 20 జూల్స్ లోపుదే. మా మామిడితోటలో పంప్‌సెట్టు గది ముందున్న గచ్చు మీద పడుకుని 30 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్లు కొడుతుంటాను. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి కొడితే ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్లంత చోట పడుతున్నాయి. బైపాడ్ (రైఫిల్ ముందు బిగించే రెండు కాళ్ల స్టాండ్) పెట్టుకుంటే మాత్రం అరచెయ్యంత మేర చెదిరిపోతున్నాయి, అదీ ఒక్కో రోజు ఒక్కో వైపు. ఇంకాస్త ఖరీదైన బైపాడ్ కొనమంటున్నాడు మా ఫ్రెండ్. వాడి దగ్గర స్ప్రింగ్ గన్ ఉంది, దానికి కూడా బైపాడ్ బిగిస్తాడంట. నాకేమో జిల్లా పోటీలకు వెళ్లాలని ఉంది. ఏం చెయ్యమంటావో చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, కొత్త బైపాడ్ కొనొద్దు. ఆ డబ్బు అట్లే పెట్టుకో, పెల్లెట్లకు పనికొస్తుంది.

ఇసుక సంచి మీద ఐదూ రూపాయి బిళ్లంత చోట పడుతున్నాయంటే నీ రైఫిల్ బాగుంది, పెల్లెట్లు దానికి సరిపోయాయి, నీ వేలు కూడా ట్రిగ్గర్ మీద మరీ తప్పు పని ఏమీ చెయ్యడం లేదు. అంత తెలిశాక వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోయింది. సంచి తీసి బైపాడ్ పెట్టినప్పుడు ఏమేం మారాయో అవే చూడాలి. చాలామంది ఇక్కడే బైపాడ్ కాళ్ల వైపు చూస్తారు, స్క్రూలు బిగిస్తారు, రేట్లు వెతుకుతారు. నేను నిన్ను వెనక్కి చూడమంటాను, అంటే భుజానికి ఆనే బట్ వైపు. బైపాడ్ చేసే పని ఒక్కటే, రైఫిల్ ముందు బరువు మొయ్యడం. గురి పట్టి నిలబెట్టే పని అది చెయ్యదు, చెయ్యలేదు కూడా. ఆ పని మొత్తం వెనక నీ భుజం, నీ చెంప, నీ ఎడమ చెయ్యి చెయ్యాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. బైపాడ్ కాళ్ల దగ్గర్నుంచి బట్ చివరిదాకా సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుందనుకో. కాళ్లు కదలకుండా బట్ ఒక్క మిల్లీమీటర్ పైకి లేచిందంటే 30 మీటర్ల దగ్గర గురి 4 సెంటీమీటర్లు కిందికి పోతుంది, 50 మీటర్ల దగ్గరైతే ఆరున్నర సెంటీమీటర్లు దాటుతుంది. ఒక్క మిల్లీమీటర్‌కే ఇంత. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడు భుజం ఎంత కదులుతుందో చూసుకో, మిల్లీమీటర్ ఏ మూలకి? నీ అరచెయ్యంత గ్రూప్, అంటే పెల్లెట్లు పడ్డ మేర, ఎక్కడ్నుంచి వస్తోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బట్ గాల్లో ఉంది, భుజం మీద ఆనుకుని నీతో పాటు ఊగుతోంది. ముందు ఎంత ఖరీదైన కాళ్లు పెట్టినా ఈ లెక్క మారదు.

ఇసుక సంచి మీద ఎందుకు బాగా వచ్చిందంటే, రైఫిల్ ముందు కొయ్య సంచిలోకి కాస్త దిగబడుతుంది, రెండు పక్కలా ఇసుక పట్టుకుంటుంది, చిన్న చిన్న వణుకుల్ని సంచి మింగేస్తుంది. బైపాడ్‌కి ఆ గుణం లేదు. దాని కీళ్లలో ఎంతో కొంత లూజు ఉంటుంది, కొన్నిట్లో పక్కకి వాలే వీలు కూడా ఉంటుంది, రబ్బరు పాదాలేమో గచ్చు మీద జారుతుంటాయి. కాబట్టి ముందు ఏది పోయిందో దాన్ని వెనక నుంచి తెచ్చుకోవాలి.

వెనక సంచి తయారు చేసుకో. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి కింద నుంచి ఒక జానెడు కత్తిరించి, ఒక వైపు టైలర్ దగ్గర రెండు కుట్లు వేయించి, లోపల బియ్యమో రాగులో పోసి రెండో వైపు కుట్టించెయ్. బాగా ఎండిన ఏటి ఇసుక కూడా బాగుంటుంది, బరువుగా కదలకుండా కూర్చుంటుంది, కాకపోతే కుట్టులోంచి సన్నగా రాలి రైఫిల్ మీద పడకుండా లోపల ఒక ప్లాస్టిక్ కవర్ వేసుకోవాలి. రాగులు పోస్తే పురుగు పట్టకుండా అప్పుడప్పుడు ఎండలో పెట్టు. మరీ గట్టిగా నింపొద్దు, చేత్తో పిసికితే ఆకారం మారేలా మూడొంతులు నింపితే చాలు. ఇది బట్ కింద, భుజానికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఇప్పుడు ఎడమ చెయ్యి సంగతి. నువ్వు రాయలేదు గానీ, బైపాడ్ పెట్టుకున్నాక కూడా ఎడమ చేత్తో ముందు కొయ్యని పట్టుకుని కిందికి లాగుతున్నావని నా అనుమానం, కొత్తగా బైపాడ్ పెట్టుకున్నవాళ్లు చాలామంది అట్లే చేస్తారు. అక్కడ ఆ చేతికి పని లేదు. దాన్ని మడిచి ఛాతీ ముందు నుంచి తెచ్చి వెనక సంచి మీద పెట్టు. సంచిని పిసికితే బట్ లేస్తుంది, స్కోప్‌లో (గురి చూసే దుర్భిణిలో) అడ్డం నిలువు గీతల క్రాస్ కిందికి దిగుతుంది. పట్టు వదిలితే బట్ దిగుతుంది, క్రాస్ పైకి పోతుంది. సంచి వదులుగా ఉన్నప్పుడు క్రాస్ టార్గెట్ మధ్య కంటే ఒక్క వేలెడు పైన ఉండేలా సర్దుకుని, మెల్లగా పిసుకుతూ మధ్యకి దించు, దిగాక ఆ పిడికిలి అట్లే ఆపు. మొదట్లో చెయ్యి నొప్పి పుడుతుంది, నాలుగు రోజులకి అలవాటైపోతుంది. ఈ ఒక్క మార్పుతో నీ గ్రూప్ సగానికి పైగా తగ్గకపోతే నాకు ఆశ్చర్యమే.

గచ్చు గురించి కూడా చెప్పాలి. సిమెంట్ మీద బైపాడ్ పాదాలు నేరుగా పెట్టొద్దు. పెద్ద రిక్యాయిల్ (వెనక్కి తన్నే తన్ను) ఉన్న రైఫిల్ అయితే గట్టి నేల మీద ముందు భాగం ఎగిరిపడుతుంది, నీ పీసీపీకి రిక్యాయిల్ దాదాపు లేదు కాబట్టి అంత ఎగరదు, కానీ జారుతుంది. నాలుగు మడతలు వేసిన గోనె సంచో, కాళ్లు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టానో వేసుకో, పాదాలు అందులో కుదురుకుంటాయి. అసలు గచ్చు దిగి మట్టి మీద పడుకుంటే ఇంకా మంచిది.

బైపాడ్‌ని ముందుకి తోసి లోడ్ చెయ్యాలని నువ్వు ఎక్కడో విని ఉంటావు. అది పెద్ద క్యాలిబర్ రైఫిల్స్ నుంచి వచ్చిన సలహా. ఎఫ్-క్లాస్ అని ఒక పోటీ ఉంది, అందులో ఎఫ్-టీఆర్ విభాగంలో .223, .308 రైఫిల్స్‌ని బైపాడ్ మీద, వెనక సంచి పెట్టుకుని వందల గజాల దూరం కొడతారు. వాళ్ల రైఫిల్ గట్టిగా వెనక్కి తన్నుతుంది, ఆ తన్ను ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే భుజంతో ముందుకి ఒకేలా ఒత్తిపట్టడం కొందరికి బాగా పనిచేస్తుంది. నీ ఎయిర్ రైఫిల్‌కి ఆ బలం అక్కర్లేదు. కాళ్ల కీళ్లలో ఉన్న లూజు పోయేంతవరకు, అంటే కాళ్లు ముందుకి టక్కుమని ఆనేంతవరకు, మెల్లగా ఒక్క తోపు చాలు. అంతకంటే తోస్తే నీ కాళ్ల కండరాలు పట్టేస్తాయి, అవి పట్టేస్తే వణుకుతాయి, ఆ వణుకు స్కోప్‌లో కనపడుతుంది. ఒక రోజు గట్టిగా తోసి, ఒక రోజు అసలు తొయ్యకుండా కొడితే పెల్లెట్ ఒక రోజు ఒక చోట, ఇంకో రోజు ఇంకో చోట పడుతుంది. నువ్వు రాసిన ‘ఒక్కో రోజు ఒక్కో వైపు’ వెనక ఇదొక కారణం కావచ్చు.

ఇంకో కారణం బైపాడ్ ఎక్కడ బిగించావన్నది. కొన్ని పీసీపీల్లో బైపాడ్‌ని కింద ఉన్న గాలి సిలిండర్‌కి క్లాంప్ వేసి బిగిస్తారు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య బ్యాండ్ ఉందంటే, నువ్వు కాళ్ల మీద వేసే బరువు ఆ బ్యాండ్ ద్వారా బ్యారెల్‌ని కాస్త నెట్టే వీలుంది. సిలిండర్‌లో గాలి నిండుగా ఉన్నప్పుడు, తగ్గినప్పుడు అది ఒకేలా ఉండదు కూడా. నీ స్టాక్‌కి, అంటే రైఫిల్ కొయ్యకి, కింద స్లింగ్ పట్టీ తగిలించే స్టడ్డో, బిగించే రైలో ఉంటే బైపాడ్ అక్కడికి మార్చు. బ్యారెల్‌కి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించొద్దు. మార్చాక మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే పెల్లెట్ పడే చోటికి స్కోప్ గురి సరిపెట్టాలి, ఎందుకంటే ఇసుక సంచి మీద చేసిన జీరో బైపాడ్ మీద అట్లే ఉంటుందన్న నమ్మకం లేదు. బైపాడ్ మీద కొట్టాలనుకుంటే బైపాడ్ మీదే జీరో చెయ్యాలి, మడతల గోనె అదే, వెనక సంచి అదే.

పడుకునే తీరు చూద్దాం. ఎన్‌సీసీలో .22తో ఫైరింగ్ చేసి ఉంటే శరీరాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి పడుకోమని నేర్పి ఉంటారు. చేత్తో పట్టుకుని కొట్టేటప్పుడు అది సరైనదే. బైపాడ్‌తో మాత్రం రైఫిల్ వెనక తిన్నగా పడుకోవాలి. బ్యారెల్ గీతని వెనక్కి సాగదీస్తే అది నీ కుడి భుజం మీదుగా కుడి తుంటి వైపు పోవాలి. రెండు భుజాలూ టార్గెట్‌కి ఎదురుగా సమంగా, కాళ్లు కొంచెం ఎడంగా, మడమలు నేలకి ఆనించి. ఏటవాలుగా పడుకుంటే షాట్ పేలిన క్షణంలో రైఫిల్ పక్కకి జరుగుతుంది, ఆ జరగడం కంటికి తెలియదు గానీ కాగితం మీద అడ్డంగా పరుచుకున్న రంధ్రాల్లో తెలుస్తుంది.

బైపాడ్ ఎత్తు ఎంత తక్కువైతే అంత మంచిది. కాళ్లు పొడుగ్గా లాగితే ఛాతీ నేల వదిలేస్తుంది, బరువంతా మోచేతుల మీద పడుతుంది, ఊపిరితో పాటు అంతా ఊగుతుంది. రెండు కాళ్లూ ఒకే గాడిలో ఉన్నాయా చూసుకో, నేల వాలుగా ఉంటేనే తేడా పెట్టు.

రైఫిల్ పక్కకి వాలడం గురించి ఎక్కువమంది పట్టించుకోరు, నాకది బాధగానే ఉంటుంది, ఎందుకంటే సరిదిద్దడం చాలా తేలిక. నీలాంటి 20 జూల్స్ లోపు రైఫిల్‌లో పెల్లెట్ బయల్దేరేది సెకనుకి 270 మీటర్ల వేగం దగ్గర్లో. 50 మీటర్లు చేరేసరికి బ్యారెల్ గీత నుంచి 20 సెంటీమీటర్ల పైన కిందికి దిగిపోతుంది. ఆ దిగుడుకి సరిపెట్టే నువ్వు స్కోప్ జీరో చేశావు. ఇప్పుడు రైఫిల్ ఒక పక్కకి 5 డిగ్రీలు వాలిందనుకో, ఆ సర్దుబాటు నేరుగా పైకి కాకుండా పక్కకి కూడా పోతుంది, పెల్లెట్ దాదాపు 2 సెంటీమీటర్లు అటు వైపే పడుతుంది. 5 డిగ్రీలంటే ఎంతో తెలుసా, గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క గీత జరిగితేనే 6 డిగ్రీలు. గచ్చు మీద పడుకున్నవాడి కంటికి ఆ తేడా తెలియదు. స్కోప్ మీద బిగించే చిన్న బుడగ లెవెల్ దొరుకుతుంది, అదొక్కటి కొనుక్కో. లేదంటే టార్గెట్ కాగితం మీద తూకం దారం వేలాడదీసి గీసిన నిలువు గీత ఒకటి పెట్టుకుని, స్కోప్ నిలువు గీతని దాని మీద కూర్చోబెట్టి కొట్టు.

స్కోప్‌లో ఇంకొకటి ఉంది, పారలాక్స్. నీ స్కోప్ పెద్ద రైఫిల్స్ కోసం చేసినదై, 100 గజాలకి స్థిరంగా సెట్ చేసి ఉంటే, 30 మీటర్ల దగ్గర నీ కన్ను కొంచెం అటూ ఇటూ అయినా గురి మారిపోతుంది. ఇసుక సంచి మీద తల ఒక ఎత్తులో ఉంటుంది, బైపాడ్ మీద ఇంకో ఎత్తులో ఉంటుంది, చెంప ఆనే చోటు మారుతుంది. పరీక్ష తేలిక. గాలి, పెల్లెట్ ఏమీ లేకుండా రైఫిల్‌ని ముందు బైపాడ్ మీద, వెనక సంచి మీద కూర్చోబెట్టు, చెయ్యి తీసెయ్, తాకకుండా స్కోప్‌లోకి చూస్తూ తల మెల్లగా పైకీ కిందికీ, పక్కలకీ కదుపు. క్రాస్ టార్గెట్ మీద ఈదుతున్నట్టు కదిలిందంటే పారలాక్స్ ఉంది. పక్కన లేదా ముందు అద్దం దగ్గర తిప్పే రింగు ఉంటే, కదలిక ఆగేదాకా తిప్పు, దాని మీద రాసిన అంకెల్ని నమ్మొద్దు. రింగే లేకపోతే చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనేలా బట్ మీద ఒక గుర్తు, ఒక టేపు ముక్క అంటించుకో, చర్మానికి తగిలితే తెలిసేలా.

పడుకుని అంతా సర్దుకున్నాక కళ్లు మూసుకో. రెండు మూడు సార్లు మామూలుగా ఊపిరి తీసి వదులు, కండరాలన్నీ వదిలెయ్. కళ్లు తెరిచి చూస్తే క్రాస్ ఎక్కడుంటే అదే నీ శరీరం సహజంగా చూపిస్తున్న చోటు. టార్గెట్ పక్కన ఉంటే చేత్తో లాగి మధ్యకి తేవొద్దు. నడుము, తుంటి జరుపు, మళ్లీ కళ్లు మూసుకుని చూడు. చేత్తో లాగి పెట్టిన గురి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో మొదటి చోటుకే పోతుంది.

ఊపిరి సగం వదిలాక వచ్చే సహజమైన విరామంలో నొక్కు, ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే వదిలేసి మళ్లీ మొదలుపెట్టు. నొక్కాక వేలు వెంటనే తీసెయ్యకు. ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ బ్యారెల్ దాటడానికి తుపాకీ గుండు కంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆ కాసేపు కూడా రైఫిల్ నిలకడగా ఉండాలి. కాగితం మీద రంధ్రం కనపడేదాకా వేలు వెనక్కి పట్టే ఉంచు, కన్ను స్కోప్‌లోనే ఉంచు.

ఇవన్నీ సరిచేసుకున్నావో లేదో తెలుసుకోడానికి ఒక సాధన చెప్తాను. ఐదు షాట్లు వరసగా కొట్టడం మానెయ్. ఒక్క షాట్ కొట్టు, రైఫిల్ సేఫ్ చేసి పూర్తిగా లేచి నిలబడు, నాలుగు అడుగులు వెయ్, వచ్చి మొదట్నుంచి పడుకో, గోనె, సంచి, చెంప, కళ్లు మూసుకోవడం, అన్నీ మళ్లీ. రెండో షాట్. ఇట్లా పది. ప్రతి రంధ్రం పక్కన పెన్సిల్‌తో నంబర్ వెయ్. ఒకే పడకలో వరసగా కొడితే తప్పు కూడా ఒకేలా ఉంటుంది కాబట్టి గ్రూప్ బాగానే కనపడుతుంది, మర్నాడు వేరే చోట పడుతుంది. లేచి పడుకుంటే అసలు సంగతి అదే రోజు బయటపడుతుంది. రంధ్రాలు నిలువుగా పరుచుకుంటే ముందు వెనక సంచినీ ఊపిరినీ చూడు, తర్వాత గాలి ప్రెషర్ చూడు. నీ రైఫిల్‌కి రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ ఇచ్చే భాగం) లేకపోతే సిలిండర్ నిండుగా ఉన్నప్పుడూ బాగా తగ్గినప్పుడూ వేగం మారుతుంది, మధ్యలో కొంత మేర మాత్రమే సమంగా ఉంటుంది. ఇసుక సంచి మీద పెట్టి నింపిన దగ్గర్నుంచి నంబర్లు వేస్తూ కొట్టుకుంటూ పో, ఏ ప్రెషర్ దగ్గర పెల్లెట్లు దిగడం మొదలయ్యాయో గేజ్ చూసి రాసిపెట్టుకో. అడ్డంగా పరుచుకుంటే పడుకున్న తీరు, వాలు, ట్రిగ్గర్ వేలు, ఆ తర్వాత గాలి.

గాలి అంటే మనవైపు ఆషాఢంలో పడమటి గాలి ఎట్లా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో .177 పెల్లెట్ 50 మీటర్ల దగ్గర అంగుళాల లెక్కన పక్కకి పోతుంది. మామిడి కొమ్మల చివర్లు చూసి గాలి అంచనా వెయ్యొద్దు, పైన ఊగుతున్నప్పుడు కింద నిశ్శబ్దంగా ఉండొచ్చు, లేదా చెట్ల వరసల మధ్య సందులోంచి ఒక చోట మాత్రమే గాలి దూసుకురావచ్చు. 10, 20 మీటర్ల దగ్గర పుల్లలు గుచ్చి వాటికి జానెడు ఉన్ని దారం కట్టు, పెల్లెట్ పోయే ఎత్తులో. రెండూ వేలాడుతున్నప్పుడు కొట్టు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య చాలా రోజులు అట్లే ఉంటాయి. ఎండెక్కాక గచ్చు మీద నుంచి లేచే వేడికి టార్గెట్ స్కోప్‌లో నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది, అప్పుడు నువ్వు సరిదిద్దుకునేది ఏమీ ఉండదు, ఇంటికెళ్లి టిఫిన్ తిను. మే నెలలో గాలి నింపిన రైఫిల్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలెయ్యకు, లోపల ప్రెషర్ పెరిగిపోతుంది, అది ప్రమాదం.

పెల్లెట్ల మాటకొస్తే, 30 మీటర్లు దాటి కొడుతున్నావు కాబట్టి గుండ్రటి తల ఉన్నవే వాడు, చదును తలవి 10 మీటర్ల పోటీలకి. డబ్బాలోంచి తీసేటప్పుడు వెనక అంచు నొక్కుకుపోయినవి పక్కన పెట్టెయ్.

ఇప్పుడు నీ ఫ్రెండ్ సంగతి. స్ప్రింగ్ గన్‌కి బైపాడ్ వద్దని చెప్పు, గట్టిగా చెప్పు. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, దాంతో రైఫిల్ వెనక్కి తన్నుతుంది, పిస్టన్ చివర్లో ఆగగానే మళ్లీ ముందుకి తోస్తుంది. ఈ కుదుపంతా పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే మొదలైపోతుంది. అలాంటి రైఫిల్‌ని గట్టి కాళ్ల మీద పెడితే ప్రతిసారీ వేరేగా ఎగురుతుంది. దాన్ని తెరిచిన అరచేతి మీద, మెత్తగా, పిడికిలి బిగించకుండా పెట్టుకుని, భుజానికి కూడా తేలిగ్గా ఆనించి, దాని కుదుపు దాన్ని పూర్తిగా కుదుపుకోనివ్వాలి. ఆ చేతిని కావాలంటే ఇసుక సంచి మీద ఆనించుకోవచ్చు. చెయ్యి పెట్టే చోటు మాత్రం ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఇంకొకటి, పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ గన్ పేల్చొద్దు, పిస్టన్ వెళ్లి చివర కొట్టుకుని సీల్ పాడైపోతుంది.

పోటీల గురించి నీకు ముందే తెలియాల్సింది ఒకటుంది, తర్వాత నిరాశపడకూడదు. జిల్లా, రాష్ట్ర స్థాయి రైఫిల్ పోటీలు ఎక్కువగా ఒలింపిక్ పద్ధతిలోనే జరుగుతాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కొట్టాలి, స్కోప్ ఉండదు, బైపాడ్ ఉండదు, పదో పాయింట్ చుక్క అర మిల్లీమీటరే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ ఈవెంట్‌లోనే. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో పడుకుని కొట్టే భాగం ఉంది, అందులోనూ చేతికి కట్టుకునే స్లింగ్ తప్ప బైపాడ్ పనికిరాదు. అలాగని నువ్వు చేస్తున్నది వృథా కాదు. శరీరం చూపించే చోటు కనుక్కోవడం, ఊపిరి, ట్రిగ్గర్, పేలాక నిలకడ, ఇవన్నీ బైపాడ్ మీద నేర్చుకోవడం తేలిక, నిలబడి కొట్టేటప్పుడు కూడా ఇవే కావాలి. వారంలో రెండు రోజులు బైపాడ్, మిగతా రోజులు 10 మీటర్లలో నిలబడి సాధన చెయ్. పోటీ రైఫిల్, జాకెట్ ఖరీదు ఎక్కువ, సొంతంగా కొనేముందు ఏదైనా రేంజ్‌లో అద్దె రైఫిల్‌తో కొన్నాళ్లు కోచ్ దగ్గర కొట్టి చూడు.

తోటలో కొడుతున్నావు కాబట్టి ఇవి కూడా చెప్పకుండా ఉండలేను. టార్గెట్ వెనక మనిషెత్తు మట్టికట్ట ఉండాలి, చెట్టు మొద్దూ రాళ్లూ కాదు, రాయికి తగిలిన సీసం ఎటు తిరుగుతుందో చెప్పలేం. కంటికి అద్దాలు పెట్టుకో. కాయలు కోసే రోజుల్లో, కూలీలు తోటలో ఉన్న రోజుల్లో రైఫిల్ బ్యాగ్ తెరవొద్దు, ఎవరో ఒకరు నీడ కోసం కట్ట వెనక కూర్చుని ఉంటారు. పెల్లెట్లు పట్టుకున్న చేత్తో అన్నం తినకు, సబ్బుతో కడుక్కో. చిలకలు కాయలు కొరుకుతున్నాయని, నెమళ్లు చేలో దిగాయని వాటి మీద గురి పెట్టాలనిపిస్తే ఆగు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, ఎయిర్ రైఫిలే కదా అంటే ఒప్పుకోరు. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం .177 బోరు, 20 జూల్స్ లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కానీ కొన్న బిల్లు ఎప్పుడూ బ్యాగ్‌లోనే ఉంచుకో. శేషాచలం అడవి అంచు ఊళ్ల వైపు రైఫిల్ భుజాన వేసుకుని తిరగొద్దు, అక్కడ ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉంటుంది, స్కోప్, బైపాడ్ ఉన్న రైఫిల్ దూరం నుంచి చూసినవాడికి ఎయిర్ రైఫిల్ అని తెలియదు. కొండకి పోయే రోజు కారు డిక్కీలోంచి అది తీసేసి ఇంట్లో పెట్టిపో, అలిపిరి దగ్గర తనిఖీలో దొరికితే దర్శనం సంగతి దేవుడెరుగు, పోలీసులకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ముందు వెనక సంచి కుట్టించు, ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చుకో, ఈ రెండింటితో లేచి పడుకుని పది షాట్లు కొట్టి, నంబర్లు వేసిన ఆ కాగితం ఫోటో పంపు. బైపాడ్ దేనికి బిగించి ఉంది, సిలిండర్‌కా స్టాక్‌కా, అది కూడా కనపడేలా ఇంకో ఫోటో తియ్. అవి చూశాక మిగతా తేడా ఎక్కడుందో ఇంకొంచెం ఖచ్చితంగా చెప్పగలను.